అమ్మ నిమ్మళం

బాపట్లలో రైలెక్కి అప్పికట్ల దాటినా నాన్న నోరు విప్పలేదు. కిటికీ పక్కన కూర్చుని, గొడుగు పిడి మీద రెండు చేతులూ ఆనించి, ఎవరో అప్పజెప్పిన కాపలా కాస్తున్నట్టు పొలాలకేసి చూస్తున్నాడు. మామూలుగా అయితే ఈపాటికి ఏ చేలో ఏ వరి వేశారో, ఎవరి గట్టు ఎవరు చెక్కేశారో చెప్పుకుంటూ వచ్చేవాడు. ఎదుటి బల్ల మీద కూర్చున్న ప్రేమకుమారి ఆయన చెవుల మీది తెల్ల వెంట్రుకల్ని చూస్తూ, పొద్దున పుట్టింట్లో కాఫీ దగ్గర ఆ మాట అనకుండా ఉండాల్సింది అనుకుంది. అనకపోతే ఎట్లా, ఎప్పటికో అప్పటికి అడగాల్సిందేగా అని కూడా అనుకుంది. అన్నది పెద్ద మాటేం కాదు. "నాన్నగారూ, నాకొచ్చిందే అమ్మకీ ఉండేదేమోనండి. ఆ నిదానం, ఆ చలి, ఆ నిద్ర, అదంతా జబ్బేమో." నాన్న గ్లాసు కింద పెట్టాడు. "ఏంటీ? మీ అమ్మ నిమ్మళం జబ్బా?" అన్నాడు. అరవలేదు. మిషను బడిలో హెడ్‌మాస్టరుగా చేసి రిటైరైన యోబు గారికి, అరవాల్సిన చోట గొంతు తగ్గించడం అలవాటు. లోపలికెళ్లి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి, "తెనాలికి నేనూ వస్తాను. ఆ డాక్టరమ్మతో నేనే మాట్లాడతాను," అన్నాడు. ఏం మాట్లాడతాడు? పన్నెండేళ్ల క్రితం పోయిన భార్య తరఫున వకాల్తా పుచ్చుకుని డాక్టరు ముందు నిలబడతాడా?

అసలు అడగాల్సింది నాన్నని కాదు, తన ఒంటినే. ఎంత వెనక్కి వెళ్లినా ఇది ఎక్కడ మొదలైందో దొరకదు. పోయిన క్రిస్మసుకి రేపల్లెలో స్వెట్టరు మీద శాలువా కప్పుకుని గుడికి బయల్దేరితే, జార్జి తలుపు తాళం వేస్తూ, "ఏంటి ప్రేమా, సిమ్లా వెళ్తున్నామా మనం?" అని నవ్వాడు. పెళ్లయిన దగ్గర్నుంచి జార్జి ఆమెని ఆట పట్టించని రోజు లేదు, ఆమె ఎదురు చెప్పని రోజూ లేదు. ఆ రోజు మాత్రం చెప్పలేదు. చెప్పాలనిపించలేదు. మాట నోటిదాకా రావడానికి చాలా దూరం నడవాల్సి వచ్చినట్టు అనిపించింది, నడవబుద్ధి కాలేదు. గుడిలో పాటల దగ్గర ఎప్పుడూ పై వరసలో పలికే గొంతు బొంగురుపోయింది. పాటలు నేర్పే ఆవిడ ఏమీ అనకుండా ఆమెని కింది గొంతుల వైపు జరిపింది. బళ్లో మధ్యాహ్నం టీచర్ల గదిలో కూర్చున్నదల్లా బల్ల మీద తల వాల్చేసేది. వయసు అనుకుంది. నలభై దాటితే అంతేలే అనుకుంది. చిత్రం ఏంటంటే, అదేం కష్టంగా అనిపించలేదు. ఎన్నడూ లేంది కోపం తగ్గింది. సైన్సు టీచరు గారు మారిపోయారే అని పిల్లలు చెవులు కొరుక్కున్నారు. ఆమెకి లోలోపల ముచ్చటగా కూడా ఉంది, ఇన్నాళ్లకి అమ్మ పోలిక వస్తోంది, అమ్మ నిమ్మళం నాకూ పట్టుబడుతోంది అని.

బళ్లో వైద్య శిబిరం పెట్టి ఉండకపోతే అట్లాగే అనుకుంటూ ఉండేది. పిల్లల్ని చూడ్డానికి వచ్చినవాళ్లు పనిలో పనిగా టీచర్లకీ రక్తపోటు చూశారు. పై అంకె బాగానే ఉంది, కింది అంకె ఎక్కువగా ఉంది, పెద్ద డాక్టరుకి చూపించుకోమన్నారు. కింది అంకె అంటే గుండె రెండు దెబ్బల మధ్య సేద తీరే క్షణంలో నాళాల్లో ఉండే ఒత్తిడి. తరగతిలో ఆమే చెబుతుంది. గుండె సేద తీరుతున్నా నాళాలు సేద తీరడం లేదన్నమాట. ఎందుకని? అలా తెనాలిలో డాక్టర్ ఆదిలక్ష్మి గారి దగ్గరికి వెళ్లింది. ఆవిడ గుండె కంటే ముందు ముఖం చూసింది, అరచేతులు పట్టుకుని చూసింది, తర్వాత, "కుర్చీ మీద మోకాళ్లు ఆనించి అటు తిరగండి టీచరు గారూ, పాదాలు గాల్లో వదిలేయండి," అంది. బడిలో తప్పు చేసిన పిల్లలా ప్రేమకుమారి అటు తిరిగి మోకరిల్లింది. మడమ వెనక రబ్బరు సుత్తితో చిన్న దెబ్బ. పాదం చటుక్కున ఎగిరింది. ఎగిరిన పాదం మాత్రం వెంటనే దిగలేదు. ఏదో మర్చిపోయి గుర్తు తెచ్చుకుంటున్నట్టు, నెమ్మదిగా, నెమ్మదిగా కిందికి వాలింది. తల వెనక్కి తిప్పి తన పాదాన్ని తనే అలా చూస్తుంటే ఆమెకి భయం వేయలేదు, భలే ఆశ్చర్యమేసింది. "మళ్లీ కొట్టండి డాక్టరు గారూ," అంది. డాక్టరు నవ్వి మళ్లీ కొట్టింది.

రక్తం తీసి మద్రాసు పంపారు. జవాబు వచ్చాక ఆదిలక్ష్మి గారు అన్న మాటలు బండి చప్పుడులో మళ్లీ వినపడుతున్నాయి. గొంతు దగ్గర సీతాకోకచిలుకలా ఉండే గ్రంథి, పాఠంలో అవటు గ్రంథి, బయట థైరాయిడ్. "మీ గ్రంథి పనిచేస్తూనే ఉందండి. ఇవ్వాల్సిన రసం బొటాబొటీగా ఇస్తోంది. కాకపోతే మెదడు దాన్ని గట్టిగా కేకేస్తే గాని పలకడం లేదు. ఆ కేక ఎక్కువైంది, అంతే. దీన్ని ఇంకా జబ్బని గట్టిగా అనలేం. గడపలో నిలబడి ఉంది, లోపలికొస్తుందో, వచ్చిన దారినే పోతుందో." కొలెస్ట్రాల్ కూడా పెరిగింది. "ఇంత చిన్న లోటుకే రక్తనాళాలు చెడిపోతాయా అండీ?" అని అడిగింది ప్రేమకుమారి. "అక్కడే పెద్ద డాక్టర్లు వాదించుకుంటున్నారు. లోటు బాగా ఉంటే చెడతాయని తెలుసు. ఇంత కొంచానికి చెడతాయో లేదో ఎవరూ ఒట్టేసి చెప్పలేదింకా." తెలియదు అని చెప్పే డాక్టరుని ఆమె చూడటం అదే మొదటిసారి. తను కూడా పిల్లలకి తెలియదు అని ఎన్నిసార్లు చెప్పి ఉంటుంది? రక్తనాళం అంటే ఏంటో తెలిసినట్టే ఇన్నేళ్లూ సైకిలు ట్యూబు తెచ్చి చూపించింది. ఆ మాట చెబితే ఆదిలక్ష్మి గారు తల అడ్డంగా ఊపింది. "ట్యూబుకి తెలివి లేదండి, నాళానికి ఉంది. లోపల ఉల్లిపొర కంటే పలచటి పొర ఒకటుంటుంది. ప్రవాహం పెరిగితే అదే కనిపెట్టి గోడని వదులు చేస్తుంది. ఈ రసం తగ్గితే ఆ వదులవడం తగ్గి, నాళం బిగుసుకునే ఉంటుంది." ఆ రోజు రేపల్లె వెళ్లే బండిలో వేమూరు దాకా మణికట్టు మీద బొటనవేలు పెట్టుకునే కూర్చుంది. ఇంత పలచటి పొర, తనకి చెప్పకుండా, తనని అడగకుండా, క్షణక్షణం తన లోపల నిర్ణయాలు తీసుకుంటోంది. కిటికీలోంచి కాలవ కనపడింది. అక్కడ నీళ్లు వదలడానికి లాకులు ఎత్తాలంటే మనిషి ఉండాలి. లోపల ఆ మనిషి ఎవరు?

మాత్ర రాసే ముందు డాక్టరు అడిగిన ప్రశ్నే ఇంత దూరం తెచ్చింది. "మీ అమ్మగారు ఎట్లా ఉండేవారు?" ఎట్లా ఉండేది? అమ్మ పేరు జ్ఞానమ్మ, వీధిలో అందరూ నిమ్మళమ్మ అనేవాళ్లు, కొందరు ముద్దుగా, కొందరు వెటకారంగా. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు. కనుబొమల చివర్లు ఎవరో రబ్బరుతో తుడిపేసినట్టు ఉండేవి. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర కూడికకి, అప్పటికే ఉక్కపోత మొదలైనా, దుప్పటి కప్పుకుని వచ్చేది. మేనత్తలు బద్ధకం అనేవాళ్లు. ఈ కోడలు పొయ్యి ముట్టించేసరికి మన ఆకలి చచ్చిపోతుంది అనేవాళ్లు. అమ్మ నవ్వేది, ఆ నవ్వూ ఆలస్యంగానే వచ్చేది, జోకు చెప్పినవాళ్లు వెళ్లిపోయాక. ఎనభై మూడులో ఒక మధ్యాహ్నం, బియ్యంలో రాళ్లు ఏరుతూ, చాట ఒళ్లో ఉండగానే గోడకి ఒరిగింది. నాన్న అరుగు మీద పేపరు చదువుకుంటూ చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. మధ్యలో తల ఎత్తి చూశాడు కూడా. ఏరడం ఆపి సేద తీరుతోంది అనుకున్నాడు. ఆమె ఎప్పుడూ అంతే కదా, రెండు గింజలు ఏరి ఒక ఆలోచన చేసేది. గుండె ఆగిపోయిందని తెలిసేసరికి చేతులు చల్లబడి ఉన్నాయి. ఆ చేతులు బతికుండగా మాత్రం ఎప్పుడు వెచ్చగా ఉన్నాయి గనక?

అప్పుడు అమ్మకి యాభై ఒకటి. ప్రేమకుమారి ఇప్పుడు ఆ వయసు వైపే నడుస్తోంది. భయం అక్కడుంది, లేదని అనలేదు. కాని భయం కంటే ముందు ఈ కుతూహలం వచ్చి కూర్చుంటుంది, ఆపుకోలేని దురద. అమ్మ నాళాలు బిగుసుకుపోయి ఉండేవా? మెదడు గ్రంథిని కేకేసి కేకేసి అలిసిపోయిందా? ఎవరూ ఆమె రక్తం తియ్యలేదు, మద్రాసు పంపలేదు, మోకరిల్లించి మడమ మీద కొట్టలేదు. ఇక ఎప్పటికీ తెలియదు. తెలియని దాన్ని నాన్న ముందు ఎందుకు తెచ్చి పెట్టినట్టు?

నాన్నకి అమ్మ నిదానం బద్ధకం కాదు. అందరూ విసుక్కున్న గుణమే ఆయనకి వరం. పొద్దున్నుంచీ గంట కొట్టించి, హాజరు పిలిచి, పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఇంటికొచ్చి చెప్పులు విడవగానే, గడియారం లేని దేశంలోకి వచ్చినట్టుండేదమ్మా అని ఆయనే చెప్పాడు. గాలివాన కథ అయితే ఎన్నిసార్లు చెప్పాడో. డెబ్భై ఏడు నవంబరులో తుఫాను బాపట్ల మీద పడ్డప్పుడు వీధి వీధంతా మిషను బడి హాల్లోకి చేరింది. పెంకులు ఎగిరిపోతుంటే మగవాళ్లు కూడా ప్రార్థన మర్చిపోయి కేకలు పెట్టారు. అమ్మ గోడవారగా కూర్చుని, దువ్వెన తీసి, ఏడుస్తున్న ఆడపిల్లల్ని ఒక్కొక్కళ్లనీ పిలిచి తల దువ్వి జడలేసింది. ఒక జడ అయ్యాక ఇంకో జడ. కాసేపటికి పిల్లలు ఏడుపు మాని వంతు కోసం కూర్చున్నారు. అప్పుడు బాపట్లలోనే టీచరు ట్రైనింగులో ఉన్న ప్రేమకుమారి కూడా అక్కడే ఉంది, తనకీ జడ వేసింది అమ్మ, ఆ చల్లటి వేళ్లు మెడ మీద ఇప్పటికీ గుర్తు. అదీ గ్రంథి పనేనా? నాడి నెమ్మదిగా కొట్టుకుంటే భయం కూడా ఆలస్యంగా వస్తుందా? వస్తే వచ్చింది, అలా వచ్చిన ధైర్యం మాత్రం ధైర్యం కాదా? మనిషి ఎక్కడ అయిపోతాడు, గ్రంథి ఎక్కడ మొదలవుతుంది? ఈ ప్రశ్న ఏ తరగతి పుస్తకంలోనూ లేదు.

నిడుబ్రోలులో జనం ఎక్కారు. చీరాల నుంచి వస్తున్న శేషమ్మ అనే పెద్దావిడ చీరల మూట ఒళ్లోకి లాక్కుని చోటిచ్చింది. ప్రేమకుమారి కొంచెం జరిగి మళ్లీ ఆలోచనలో పడింది. మాత్ర వేసుకోవడం మొదలుపెట్టిన కొన్ని వారాలకే తేడా తెలిసింది. శాలువా బరువనిపించింది. గడియారం మోగకముందే మెలకువ. జార్జి మాటకి మాట అప్పజెబుతుంటే, "అమ్మయ్య, పాత ప్రేమ తిరిగొచ్చింది, నా ప్రాణానికి గండం," అని అతను సంబరపడ్డాడు. ఆమెకి మాత్రం సంబరంలో ఏదో వెలితి. మొన్న ఎనిమిదో తరగతి పిల్ల నల్లబల్ల మీద గుండె బొమ్మ గీస్తూ ఆలోచిస్తూ నిలబడితే, ఆమె సుద్దముక్క చేతిలోంచి లాక్కుని తనే గీసేసింది. పిల్ల మొహం చిన్నబోయింది. ఆ నెమ్మది నెలల్లో అయితే, గీసేదాకా నిలబడి చూసేది. అప్పుడు చాలా చూసింది. గొడ్లని కాలవలోకి దించేటప్పుడు మొదటి అడుగు దగ్గర అవి ఎలా తటపటాయిస్తాయో, పిల్లలు అబద్ధం చెప్పే ముందు ఎలా గాలి పీల్చుకుంటారో. ఆ చూపు లోటు వల్ల వచ్చిందా? అయితే మాత్ర ఆ చూపుని కూడా తీసేసిందా? తను ఇన్నాళ్లూ అమ్మ పోలిక అనుకుని మురిసిపోయింది ఒక కొరతని చూసా? ఇందులో అసలు తను ఎవరు?

"ఏమ్మా, పెద్దాయనకి ఒంట్లో బాగాలేదా? డాక్టరు దగ్గరికా?" శేషమ్మ అడుగుతోంది.

"ఆయనకి కాదు పిన్నిగారూ, నాకేనండి."

"నీకేం అమ్మా, నిక్షేపంలా ఉన్నావు."

అప్పుడు నాన్న కిటికీ వైపు నుంచి తల తిప్పాడు. "దానికేం లేదమ్మా," అన్నాడు శేషమ్మతో, బాగా తగ్గించిన గొంతుతో. "దానికేమీ లేదు. బాగానే ఉంది." మళ్లీ కిటికీ వైపు తిరిగిపోయాడు. గొడుగు పిడి మీద వేళ్లు మాత్రం ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. ప్రేమకుమారి ఆ వేళ్లనే చూస్తూ ఉండిపోయింది. పొద్దున నుంచీ ఆయనది కోపం అనుకుంది. అమ్మది జబ్బే అయితే, ఆ జబ్బు ఇప్పుడు కూతురికి ఉన్నట్టు. అమ్మని తీసుకుపోయింది ఇదే అయితే, ఇది ఇంకా ఇంట్లోనే ఉన్నట్టు. ఆ లెక్క తనకి ఇప్పుడు తట్టింది. ఆయనకి కాఫీ గ్లాసు కింద పెట్టినప్పుడే తట్టింది కాబోలు.

చుండూరులో బండి ఆగింది. బోర్డు కనపడగానే పెట్టెలో మాటలు సన్నగిల్లాయి, నాలుగేళ్లుగా ఇంతే, ఆ ఊరి పొలాల్లో దళితుల్ని తరిమి చంపిన సంగతి మర్చిపోయినవాళ్లు ఈ లైను మీద ఎవరూ లేరు. నాన్న కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. ప్రేమకుమారి వేళ్లు వాటంతట అవే మణికట్టు మీదికి వెళ్లాయి. నాడి గబగబా కొట్టుకుంటోంది. మాత్ర వల్లనా, ఊరి పేరు వల్లనా? ఆ లోపలి పొరకి ఊళ్ల పేర్లు తెలుస్తాయా? తెలుస్తాయి కాబోలు. మనిషి విన్నవన్నీ దాని మీదుగానే పోవాలి మరి. బండి కదిలేదాకా ఎవరూ ఎవరి వైపూ చూసుకోలేదు. తెనాలి కాలవలు వచ్చాయి, సామాన్లు సర్దుకునే చప్పుడు మొదలైంది, నాన్న అందరికంటే ముందు లేచి నిలబడ్డాడు.

ఆదిలక్ష్మి గారు రక్తపోటు చూసింది, మడమ మీద కొట్టింది, మొన్న తీసిన రక్తం సంగతి చెప్పింది. కింది అంకె దిగింది. కొలెస్ట్రాల్ కూడా కొంత దిగింది. "నాళాలు బాగుపడ్డట్టేనాండీ?" అంది ప్రేమకుమారి. "వాటిలోకి తొంగిచూసే సాధనం నా దగ్గర లేదు టీచరు గారూ. గుర్తులు మాత్రం మంచివే. ఇదే మాత్ర వేసుకోండి, ఇంకా చూద్దాం." అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ నాన్న, కుర్చీ చూపించినా కూర్చోకుండా, ముందుకొచ్చాడు.

"అమ్మా, నా పేరు యోబు. ఈ పిల్ల తల్లి జ్ఞానమ్మ, నా భార్య. నిదానస్తురాలు. అది జబ్బని మా అమ్మాయి అంటోంది. మీరేమంటారు?"

డాక్టరు ప్రేమకుమారి వైపు ఒకసారి చూసి, కలం పక్కన పెట్టింది. "ఆవిడ గొంతు ఎట్లా ఉండేదండి?" అని అడిగింది. పెళ్లినాటికి సన్నగా ఉండేదనీ, రెండో కాన్పు తర్వాత బరువెక్కిందనీ చెప్పాడు. జుట్టు? దువ్వెనలో వచ్చేది, ఉండచుట్టి చూరులో పెట్టేది. చెమట పట్టేదా? పట్టేది కాదు, రోహిణి కార్తెలో కూడా ముక్కు మీద తప్ప ఎక్కడా పట్టేది కాదు. పాదాలు? చల్లగా ఉండేవి, పడుకునేటప్పుడు నా పిక్కలకి ఆనించుకునేది, అలా అయితే గాని నిద్ర పట్టేది కాదు. ప్రేమకుమారి నోరు తెరుచుకుని వింటోంది. ఆమె దాచుకున్న గుర్తులు నాలుగో అయిదో. ఈయన దగ్గర అమ్మ మొత్తం ఉంది, చెమట పట్టిన చోటుతో సహా. ఎవరూ అడగక చెప్పలేదు, అంతే.

"ఉండే ఉంటుందండి," అంది ఆదిలక్ష్మి గారు చివరికి, నెమ్మదిగా. "చూడని మనిషి గురించి ఇంతకన్నా చెప్పకూడదు."

"ఆ మాత్ర అప్పుడుందా?"

"ఉందండి."

"వేస్తే బతికేదా?"

"అది నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు."

నాన్న తలూపాడు. గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఇంకేదో అడగాలని ఉంది, అడగడానికి సిగ్గుపడుతున్నాడు. "వేస్తే... మనిషి తీరు మారిపోయేదా అమ్మా? మా అమ్మాయిలాగా హడావుడిగా తిరుగుతూ, గబగబా మాట్లాడేదా?"

"కొంత మారేదేమోనండి. ఎంత మారేదో తెలీదు."

నాన్న చెయ్యెత్తి దణ్ణం పెట్టి బయటికి నడిచాడు. ప్రేమకుమారి మందుల చీటీ తీసుకుని మెట్ల దగ్గరికి వచ్చేసరికి, వీధిలో ఎండ మండిపోతోంది, రిక్షాలవాళ్లు స్టేషనా స్టేషనా అని పిలుస్తున్నారు. నాన్న గొడుగు విప్పకుండా అలాగే నిలబడి ఉన్నాడు.

"నువ్వు మాత్రం ఆ మాత్ర మానొద్దు," అన్నాడు.

"మాననండి."

రెండు మెట్లు దిగాడు. ఆగాడు.

"గబగబా మాట్లాడితే మాట్లాడేది," అన్నాడు, వీధికేసి చూస్తూ. "నేను వినేవాణ్ణి కాదా?"